వార్షిక నివేదిక: ఇంటి షెడ్డులో బ్రేకులు, వెనుక యాక్సిల్ పనులు

మన పాత కార్ల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించినట్టుగానే ఈ ఏడాది పెయింటు, క్రోమ్, సీట్ల పనులు పక్కన పెట్టి, పాత కార్ల బ్రేకులు, వెనుక యాక్సిల్ (వెనుక చక్రాలను తిప్పే ఇరుసు) మీదే దృష్టి పెట్టాం. ప్రదర్శనలో బండి నిలబెట్టినప్పుడు ఈ రెండూ ఎవరి కంటా పడవు. రోడ్డెక్కాక మాత్రం మన ప్రాణాలూ ఎదురొచ్చేవాళ్ల ప్రాణాలూ వీటి మీదే ఉంటాయి. అందుకే ఈ నిర్ణయం సరైనదని కార్యవర్గం ఇప్పటికీ గట్టిగా నమ్ముతోంది.

రెండు పనులూ ఎందుకు కలిపామని కొందరు అడిగారు. వెనుక డ్రమ్ములు విప్పి చూసిన బండ్లలో కారణం తేలిగ్గానే కనబడింది. యాక్సిల్ చివర ఆయిల్ సీల్ అరిగితే గేరాయిల్ నేరుగా, డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేక్ షూల మీదికి కారుతుంది. ఆయిల్ పీల్చుకున్న లైనింగ్‌ను (షూ మీది ఒరిపిడి పొరను) ఎంత కడిగినా మళ్లీ పట్టు రాదు, మార్చాల్సిందే. అదీ రెండు పక్కలా మార్చాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. సీల్ మార్చేటప్పుడు యాక్సిల్ హౌసింగ్ (పై తొడుగు) మీదున్న బ్రీదర్ రంధ్రాన్నీ శుభ్రం చేయండి. అది మట్టితో పూడితే, వేడెక్కిన గాలి బయటికి పోయే దారిలేక కొత్త సీల్‌నీ దాటించి ఆయిల్‌ను తోసేస్తుంది.

బ్రేకుల విషయంలో మనవాళ్లు ఎక్కువగా తికమకపడింది బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్ దగ్గర కాదు, రబ్బరు హోస్ పైపుల దగ్గర. పైకి కొత్తదానిలా నిగనిగలాడే పైపు లోపల ఉబ్బి, దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది. పెడల్ తొక్కితే ఆయిల్ వెళ్తుంది, కాలు తీస్తే వెనక్కి రాదు. చక్రం పట్టేసి డ్రమ్ము కాలిపోతుంటే మనం స్ప్రింగులు మార్చుకుంటూ కూర్చుంటాం. కాబట్టి వయసు తెలియని హోస్ పైపు ఏదైనా సరే, చూడ్డానికి ఎలా ఉన్నా మార్చేయమని సంఘం సలహా.

బ్రేక్ ఆయిల్ గురించి కూడా గట్టిగా చెప్పాలి. డాట్ 3, డాట్ 4 (డాట్ అనేది బ్రేక్ ఆయిల్ ప్రమాణం పేరు) ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. చక్రం దగ్గర షూలను తోసే వీల్ సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడేదీ ఆ తేమ వల్లే. సిలికాన్ రకమైన డాట్ 5ని వీటితో కలపకూడదు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 సిలికాన్ కాదు, డబ్బా మీద చదివి పోయండి. రబ్బరు భాగాలను పెట్రోలుతో, ఇంజినాయిల్‌తో కడగవద్దు, ఉబ్బి పాడవుతాయి.

పాత లైనింగ్‌లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అందుకే డ్రమ్ములోని దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడాన్ని మన శిక్షణ రోజుల్లో పూర్తిగా నిషేధించాం. మాస్క్ పెట్టుకుని తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేస్తున్నాం. ఒట్టి జాక్ మీద నిలబెట్టిన బండి కింద ఎవరూ దూరకూడదన్న నియమం, స్టాండ్లు పెట్టాకే పని అన్న నియమం మామూలే.

ఇక యాక్సిల్. టేపర్ (సన్నబడుతూ పోయే ఇరుసు చివర) మీద బిగిసిన హబ్‌ను (చక్రం బిగించే మధ్యభాగాన్ని) పుల్లర్‌తో లాగేటప్పుడు నట్ పూర్తిగా తీయకుండా కొన్ని మరల మీద ఉంచండి. హబ్ ఒక్కసారిగా ఊడివస్తే అది మీదికి ఎగరకుండా ఆపేది ఆ నట్టే. క్రౌన్, పినియన్ (ఇంజిన్ తిప్పుడును యాక్సిల్‌కు అందించే రెండు పళ్ల చక్రాలు) జతగా అరగదీసి తయారుచేసినవి, ఒక జతలోది ఇంకో జతలో వేస్తే చప్పుడు తప్పదు. బేరింగ్ క్యాపులు విప్పేముందే ఎడమ, కుడి గుర్తులు పెట్టుకోవాలి. పళ్ల మధ్య ప్లే (వదులు) డయల్ గేజ్‌తో కొలిచి, ఆ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెకే తేవాలి. తర్వాత పళ్లకు మార్కింగ్ పేస్ట్ రాసి తిప్పితే ముద్ర పంటి మధ్యలో పడాలి. బిగించేకొద్దీ నలిగే స్పేసర్ (బేరింగుల మధ్య గొట్టం) ఉన్న రకంలో పినియన్ నట్ బిగుతు మించితే వెనక్కి తిప్పి సరిపెట్టకండి, కొత్త స్పేసర్ వేయాలి. ఇన్ని చెప్పాక కార్యవర్గం అభిప్రాయం ఒకటే: చప్పుడు లేకుండా, ప్లే హద్దులో ఉంటే క్రౌన్ పినియన్ జోలికి వెళ్లవద్దు. సీళ్లు, బేరింగులు, ఆయిల్ మార్చి మూసేయండి.

పుల్లర్లు, డయల్ గేజ్, పైపు అంచు మడిచే పనిముట్టు సభ్యుల మధ్య ఏడాది పొడవునా తిరిగాయి. తీసుకున్నవాళ్లు తుడిచి, నూనె రాసి తిరిగి ఇచ్చారు. వాళ్లకూ, సెలవు రోజుల్లో తమ షెడ్లు తెరిచి ఉంచినవాళ్లకూ సంఘం తరఫున కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

రాబోయే సమావేశంలో ఒక అంశం ఓటుకు వస్తుంది. మన బండ్లలో చాలావాటికి బ్రేక్ సర్క్యూట్ (ఆయిల్ వెళ్లే పైపుల వరస) ఒకటే, అంటే ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకూ కాలి బ్రేకు పోతుంది. అమెరికాలో 1968 నుంచే కొత్త కార్లకు రెండు సర్క్యూట్లు తప్పనిసరి చేశారు. అసలు రూపం చెడకూడదనే సభ్యుల మాటను గౌరవిస్తూనే, సామూహిక యాత్రలకు వచ్చే బండ్లకు రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ గానీ, ఆ ఏడాది పైపులూ హోస్‌లూ తనిఖీ చేసిన రాతపూర్వక రికార్డు గానీ ఉండాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. అభ్యంతరాలు, సవరణలు సమావేశానికి ముందే కార్యదర్శికి రాసి ఇవ్వగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి