పాటల ప్లేయరు మంచిదే, లోపలి బోర్డు మార్చండి

నల్లగొండ

డిజైను, సర్వీసు విభాగాల అధికారులకు,

విషయం: మీ డిజిటల్ మ్యూజిక్ ప్లేయరులో ఛార్జింగు, బ్యాటరీ, పాటల వరుస లోపాల గురించి ఫిర్యాదు.

ఆర్యా,

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, నాగర్‌కర్నూల్‌లలో ఎలక్ట్రానిక్స్ మరమ్మతు చేసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మెమొరీ కార్డు, ఎఫ్‌ఎం, చిన్న స్పీకరు, ఇయర్‌ఫోన్ జాక్ ఉన్న మీ చేతి ప్లేయరు మా బల్లల మీదికి ఆగకుండా వస్తోంది. వచ్చినవాటిని విప్పి, కొలిచి చూశాం. అన్నింట్లోనూ అవే లోపాలు, అవే చోట్ల. కిందపడేసినవి, నీళ్లలో పడ్డవి మేం లెక్కలోకి తీసుకోలేదు.

ముందు దీని మంచి చెప్పాలి, ఎందుకంటే దీన్ని అమ్మడం ఆపేయమని మేం అడగడం లేదు. పత్తి చేన్లో, బత్తాయి తోటలో పొద్దుగూకేదాకా పనిచేసే మనిషికి ఫోనుకన్నా ఇదే నయం. మీటలు చూడకుండానే వేలికి తెలుస్తాయి. సిగ్నలు, డేటా అక్కర్లేదు. అమ్రాబాద్, మన్ననూర్ లాంటి నల్లమల అంచు ఊళ్లలో ఆ మాటకు చాలా విలువ ఉంది. పాటలకు ఫోను ఛార్జింగు అంతా పోయి, తీరా బావికాడి నుంచి ఇంటికి ఫోన్ చేయాల్సిన వేళ అది ఆరిపోయే బాధ ఉండదు. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి ఒక ఎంబీకి కాస్త తక్కువే తీసుకుంటుంది కాబట్టి 32 జీబీ కార్డులో ఐదు నిమిషాల పాటలు ఆరు వేలకు పైనే పడతాయి. స్పీకరు ఒక్కటే అయినా గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. కథలు, భజనలు వినేవాళ్లకు అంతకన్నా కావలసింది లేదు.

ఇక ఛార్జింగు పోర్టు. టైప్-సి సాకెట్ పెట్టారు, దాని సీసీ1, సీసీ2 పిన్నులను మాత్రం ఎటూ కలపకుండా వదిలేశారు. ఆ రెండింటి నుంచీ గ్రౌండుకు చెరొక 5.1 కిలో ఓమ్ రెసిస్టరు ఉండాలి. రెండు కొసలా టైప్-సి ఉన్న కేబులు గుచ్చినప్పుడు, ఆ రెసిస్టరు కనబడితేనే ఛార్జరు 5 వోల్టులు వదులుతుంది. కనబడకపోతే అవతల ఏ వస్తువూ లేదనుకుని ఊరుకుంటుంది. కొత్త ఫోన్ల ఛార్జర్లు చాలావరకు ఇప్పుడు ఈ రకమే. మీ పెట్టెలో ఛార్జరు లేదు. ఒక కొసన పాత యూఎస్‌బీ-ఏ ఉన్న జానెడు కేబులు మాత్రం ఉంది. అది పోయిందా, ఇంట్లో ఉన్న ఫోను ఛార్జరు పెడతారు, దీపం వెలగదు, ప్లేయరు చచ్చిపోయిందని తెస్తారు. పాత రకం కేబులు పెట్టగానే అది ఎప్పటిలాగే ఛార్జింగు ఎక్కుతుంది. ఈ లేఖ చదివే డీలర్లు ఎవరైనా ఉంటే, రిపేరుకు పంపే ముందు ఆ కేబులుతో ఒకసారి చూడండి. బోర్డు మీద ఆ రెసిస్టర్లకు చోటే వదల్లేదు కాబట్టి మేం 0603 సైజు (ఆవగింజంత) రెసిస్టరు ముక్కను నేరుగా పిన్ను కాలికి అతికిస్తున్నాం. సన్నటి సోల్డరింగు మొన, భూతద్దం లేకుండా అయ్యే పని కాదు. ఫ్యాక్టరీలో మీకు ఆ రెండు రెసిస్టర్ల ఖర్చు ఒక్క రూపాయి కూడా కాదు.

అసలు భయం బ్యాటరీ దగ్గర. ఛార్జింగుకు 4056 చిప్పు వాడారు. మంచి చిప్పే, అందరూ వాడేదే. దాని రెండో పిన్ను మీద ఉన్న రెసిస్టరును బట్టి ఎంత కరెంటు ఎక్కాలో తేలుతుంది. మీరు పెట్టింది 1.2 కిలో ఓమ్, అంటే 1000 మిల్లీ ఆంపియర్లు. లోపలి సెల్లు (బ్యాటరీ) మీద రాసి ఉన్నది 1200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు). అంత చిన్న సెల్లుకు ఆ కరెంటు ఎక్కువ. పైగా ఒకటో పిన్ను సెల్లు వేడిని కనిపెట్టడానికి ఉన్నది. అక్కడ థర్మిస్టరు (వేడిని బట్టి విలువ మారే రెసిస్టరు) పెట్టి సెల్లుకు ఆనించాలి. మీరు ఆ పిన్నును నేరుగా గ్రౌండుకు కలిపేశారు. అలా కలిపితే చిప్పు వేడిని పట్టించుకోవడం మానేస్తుంది. లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగు చేయకూడదు. మే నెలలో మా దగ్గర నీడలోనే 44, 45 డిగ్రీలు ఉంటుంది. రేకుల ఇంట్లో కిటికీ పక్కన ఛార్జింగు పెట్టిన ప్లేయరులో, చిప్పు వేడి కూడా తోడయ్యాక, సెల్లు పరిస్థితి మీరే ఆలోచించండి. మా దగ్గరికి వచ్చేసరికి సెల్లు ఉబ్బి వెనక మూతను పైకి నెట్టి ఉంటోంది. కొందరు ఆ గాలి తీద్దామని సూదితో పొడవబోతారు. పొడిస్తే లోపల షార్ట్ అయి మంటే లేస్తుంది. మీ సూచనల కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

మాకు చేతనైన సవరణ ఇది: ఆ 1.2 కిలో ఓమ్ తీసి 2 కిలో ఓమ్ పెడితే కరెంటు 580కి దిగుతుంది. ఛార్జింగుకు గంటా గంటన్నర ఎక్కువ పట్టినా సెల్లు కాలకుండా వెచ్చగా మాత్రమే ఉంటుంది. థర్మిస్టరు మాత్రం మేం పెట్టలేం. దానికి బోర్డు మీద గీత తెంచి కొత్త దారి వేయాలి, అది మీరు చేయాల్సిందే.

పెట్టె మీద మాత్రం 2000 ఎంఏహెచ్, 20 గంటలు అని అచ్చు వేశారు. మల్టీమీటరును సిరీస్‌లో పెట్టి చూశాం. ఇయర్‌ఫోనుతో 40 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది, కాబట్టి 1200 సెల్లుతోనే దాదాపు 30 గంటలు రావాలి. అక్కడ మీరు తక్కువే చెప్పారు. స్పీకరు ముప్పావు సౌండు మీద పెడితే 250 లాగుతోంది, అప్పుడు ఐదు గంటలు కూడా రాదు. చేన్లో స్పీకరు పెట్టుకుని వినేవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఆ 20 గంటల మాట అబద్ధమే అవుతుంది. ఏది పెడితే ఎన్ని గంటలో విడివిడిగా రాయండి.

ఆపేసినా ఇది పూర్తిగా ఆగదు. మీట నొక్కి ఆపాక కూడా 3 మిల్లీ ఆంపియర్లు తింటూనే ఉంది. నిండు సెల్లును పక్కన పెడితే 400 గంటల్లో, అంటే 17 రోజుల్లో ఖాళీ. నాట్లప్పుడు అటక మీద పెట్టి కోతలకు తీస్తే ప్లేయరు లేవదు. సెల్లు 2.9 వోల్టుల కిందికి దిగితే 4056 చిప్పు పదో వంతు కరెంటుతోనే మొదలుపెడుతుంది. అది పాడవడం కాదు, జాగ్రత్త. పది నిమిషాలకే పీకేయకుండా గంటా రెండు గంటలు వదిలేస్తే చాలావరకు లేస్తాయి. పక్కకు జరిపే చిన్న స్విచ్చి ఒకటి సెల్లు తీగలో పెడితే ఈ గొడవే ఉండదు.

పాటల వరుస సంగతి మీ ఇంజినీర్లకు చిన్నగా కనిపించవచ్చు. వాడేవాళ్లు అందరికన్నా ఎక్కువ విసుక్కునేది దీని గురించే. మా ప్రాంతంలో ఈ ప్లేయర్లలో సినిమా పాటల పక్కనే ఒగ్గు కథలు, యక్షగానాలు ఎక్కించుకుంటారు. మల్లన్న కథ అంటే గంటల కొద్దీ ఉంటుంది, ముక్కలు ముక్కలుగా ఐదారు ఫైళ్లు. మీ ప్లేయరు ఫైళ్లను పేరు వరుసలో చదవదు, కార్డులోకి ఏది ముందు చేరితే దాన్ని ముందు పాడుతుంది. ఫోను నుంచి ఒకేసారి కాపీ చేస్తే మూడో ముక్క ముందు, ఒకటో ముక్క చివర. 01, 02 అని పేర్లు పెట్టినా లాభం లేదు. కార్డు ఖాళీ చేసి, ఫార్మాట్ చేసి, ఒక్కో ఫైలును వరుసగా ఎక్కిస్తేనే కుదురుతుంది. అది షాపులో అయ్యే పని, ముసలాయన చేసుకోగలిగింది కాదు.

ఇంకా కష్టం, ఆపిన చోట గుర్తుండకపోవడం. గంట ఫైలును 40వ నిమిషంలో ఆపి, మర్నాడు పెడితే మొదటి నుంచే. మీట పట్టుకుంటే సెకనుకు పది సెకన్ల చొప్పున ముందుకు పోతుంది, కాబట్టి అక్కడికి చేరడానికి నాలుగు నిమిషాలు వేలు ఎత్తకుండా ఉండాలి. ఫైలు నంబరు, ఆగిన చోటు రాసుకోవడానికి పది పన్నెండు బైట్లు చాలు. 24సీ02 లాంటి చిన్న ఈప్రామ్‌లో (కరెంటు పోయినా మరిచిపోని మెమొరీ చిప్పులో) 256 బైట్లు ఉంటాయి. తెలుగులో పెట్టిన ఫైళ్ల పేర్లు తెర మీద గళ్లుగా కనిపిస్తున్నాయి, దాన్ని కూడా ఫర్మ్‌వేర్‌లోనే (ప్లేయరును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే) సరిచేయొచ్చు.

64 జీబీ కార్డు పెడితే 'కార్డు లేదు' అంటోంది. అలాంటి కార్డులు ఫైళ్లు అమర్చే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, మీ ప్లేయరుకు ఫ్యాట్32 మాత్రమే తెలుసు. ఆ మాట పెట్టె మీద వేస్తే కార్డు వాపసు గొడవలు తగ్గుతాయి. ఎఫ్‌ఎంకు ఇయర్‌ఫోను తీగే యాంటెన్నా అనే సంగతి కూడా ఎక్కడా లేదు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర ముప్పావు మీటరు తీగ కావాలి. అది పీకి స్పీకరులో రేడియో వినబోతే గరగరే మిగులుతుంది. జాక్‌లో పత్తి దూది చేరడం మాత్రం మీ తప్పు కాదు, రబ్బరు మూత ఒకటి ఇస్తే మేలు.

మేం కోరేది: ఇకమీదట తయారయ్యే బోర్డుల్లో సీసీ రెసిస్టర్లు, థర్మిస్టరు, 2 కిలో ఓమ్ రెసిస్టరు, అసలు స్విచ్చి పెట్టండి. సెల్లును తీగలతో అతికించకుండా రెండు పిన్నుల సాకెట్‌తో ఇవ్వండి, విడి సెల్లులు, జాక్‌లు నల్లగొండ, మహబూబ్‌నగర్ డీలర్ల దగ్గర దొరికేలా చూడండి. ఇప్పటికే అమ్మినవాటికి, ఉబ్బిన సెల్లును వారంటీ తేదీ చూడకుండా ఉచితంగా మార్చండి. కార్డు ద్వారా ఎక్కించుకునే కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేయండి. 2000 అని వేసి 1200 ఇచ్చినందుకు కొన్నవాళ్లకు తేడా ధర వాపసు ఇవ్వాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాళ్లు తాము ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు చెప్పుకోవచ్చని మేం వచ్చినవాళ్లకు చెబుతున్నాం. విప్పిన సెల్లుల మీది లేబుళ్ల ఫొటోలు కూడా వాళ్లకు ఇస్తున్నాం.

బోర్డు ఫొటోలు, కొలతల కాగితం, 5.1 కిలో ఓమ్ అతికించిన ఒక నమూనా ప్లేయరు ఈ లేఖతో పంపుతున్నాం. 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, నాగర్‌కర్నూల్ ఎలక్ట్రానిక్స్ మరమ్మతు పనివాళ్లం