దుభాషి పని పిల్లలదా?

సంపాదకులకు,

శరణార్థులకు, వలస వచ్చినవారికి సాయపడే కేంద్రంలో సాయంత్రాలు భాష నేర్పుతుంటాను. పాఠాల కన్నా దరఖాస్తులు నింపడానికే ఎక్కువ సమయం పోతుంది, అదీ అవసరమే. తల్లి జబ్బు వైద్యుడికి వివరించడానికి పదేళ్ల కూతురు బడి మాని వెళుతోంది. కొన్ని సంగతులు ఏ తల్లీ బిడ్డ ముందు చెప్పుకోలేదు. ఆసుపత్రిలో దుభాషిని పెట్టడం దయాధర్మం కాదు, వైద్యంలో భాగం.

స్వదేశం నుంచి పత్రాలు తెచ్చుకోలేని శరణార్థికి, ఆశ్రయమిచ్చిన దేశమే వాటిని సమకూర్చాలని 1951 శరణార్థుల ఒప్పందంలోని 25వ అధికరణం చెబుతోంది. అయినా గుమాస్తాలు "మీ దేశం నుంచే తెప్పించండి" అంటున్నారు. ఎవరికి భయపడి పారిపోయి వచ్చారో వారినే అడగమనడమా! ఆ అధికరణాన్ని ప్రతి కార్యాలయంలో గోడకు అంటించాలి.

మరొకటి: పసిపిల్లల తల్లులు తరగతికి రావాలంటే పిల్లలను చూసుకునే మనిషి కూడా అక్కడే ఉండాలి.

– ఒక స్వచ్ఛంద ఉపాధ్యాయురాలు