తెలుగు ఫిర్యాదు చదివేదెవరు?

సంపాదకులకు,

సోషల్ మీడియా కంపెనీలు నెలనెలా పెట్టే నివేదికలు చూస్తే ప్రభుత్వ నియమాలను తు.చ. తప్పకుండా పాటిస్తున్నట్టే ఉంటుంది. ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని పోస్టులు తీసేశారు, అన్నీ అంకెలే. 2021 నాటి ఐటీ నియమాలు అడిగిందీ అంతే. 50 లక్షలకు మించి యూజర్లున్న కంపెనీ మన దేశంలో ఉండే ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలి, నెలకో నివేదిక ఇవ్వాలి. పెట్టుకున్నారు, ఇస్తున్నారు.

మా బంధువుల అమ్మాయి ఫొటోల కింద ఒకడు వరసగా కామెంట్లు పెడుతుంటే నేనే కూర్చుని ఫిర్యాదు చేయించాను. ‘నీ సంగతి చూస్తా’, ‘బయటికి రా, నీ పని చెప్తా’ లాంటివి. తెలుగు వచ్చినవాళ్లెవరికైనా అవి బెదిరింపులే. కంపెనీ నుంచి మాత్రం అభ్యంతరకరంగా ఏమీ కనిపించలేదని జవాబొచ్చింది. మాటకు మాట పెట్టి ఇంకో భాషలోకి మారిస్తే మరి, ఎవరో పెద్దమనిషి ఆమె సమస్య స్వయంగా చూస్తానని మాటిచ్చినట్టే ఉంటుంది! పైగా వాడు రాసింది ఇంగ్లిష్ అక్షరాల్లో. ఆ నెల లెక్కల్లో మా ఫిర్యాదు కూడా పరిష్కరించిన వాటిలోనే చేరి ఉంటుంది. కంపెనీ జవాబు నచ్చకపోతే ప్రభుత్వం పెట్టిన అప్పీలు కమిటీలున్నాయి, 30 రోజుల్లోగా వెళ్లొచ్చు. ఈలోపే ఆ పిల్ల టెన్షన్ తట్టుకోలేక అకౌంట్ మూసేసుకుంది.

2022లో ఆ ఐటీ నియమాలకు సవరణ చేసినప్పుడు, కంపెనీల నిబంధనలు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోనూ దొరకాలన్నారు. మనం ఏం చేయకూడదో తెలుగులో చెప్తారన్నమాట. మన ఫిర్యాదును తెలుగు తెలిసిన మనిషి చదవాలని మాత్రం ఎక్కడా లేదు.

ఐరోపా యూనియన్‌లో అలా కుదరదు. అక్కడి డిజిటల్ సేవల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు పోస్టులను పరిశీలించే సిబ్బంది ఏ భాషకు ఎంతమంది ఉన్నారో విడివిడిగా ప్రకటించాలి. ఆరు లక్షల జనాభా కూడా లేని మాల్టా భాషకూ లెక్క చెప్పాల్సిందే. 2011 జనాభా లెక్కల నాటికే తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు ఎనిమిది కోట్ల పైమాట.

హానికరమైన పోస్టులు తీసేయడానికి గడువులు బిగిస్తే సరిపోదు. పోస్టులను జల్లెడ పట్టే, భాష రాని యంత్రాన్ని తొందరపెడితే బెదిరింపు ఉండిపోతుంది, ఎవరో సరదాకి వేసిన జోకు ఎగిరిపోతుంది. తెలుగు ఫిర్యాదులెన్ని వచ్చాయి, వాటిని తెలుగు వచ్చిన మనుషులెందరు చూశారు, జవాబుకు ఎన్ని రోజులు పట్టింది అన్నది నెల నివేదికలో భాషల వారీగా రాయాలని కేంద్ర ఐటీ శాఖ నియమం పెట్టాలి. ఐరోపాకు చెప్తున్న లెక్క మనకు చెప్పలేమని ఆ కంపెనీలు అనలేవు.

– ఒక పాఠకురాలు