మాటలు నేర్చుకున్న అనార్కలి

చిరంజీవి కల్యాణికి, నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ దగ్గరి నుంచి కబురు లేక ఇరవై రెండు రోజులైంది. మీ ఆఫీసులో పనితీరు మారిపోయిందనీ, నువ్వు ఉద్యోగం మానేశావనీ పెద్దత్తయ్య ఎక్కడో విని వచ్చి చెప్పింది. ఆ సంగతి అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నిన్న రాత్రి రేడియోలో ‘అనార్కలి’ సినిమాలోని ‘జీవితమే సఫలము’ పాట వచ్చింది. నాయనమ్మ గుర్తుకొచ్చి అమ్మ కళ్లు తుడుచుకుంది. నాకేమో అనార్కలి ధ్యాస పట్టుకుంది.

మన ఇంట్లో అనార్కలి అంటే 1955 నాటి అంజలీదేవి, సలీం అంటే నాగేశ్వరరావు. అంతకు 27 ఏళ్ల ముందే బొంబాయిలో ఇంపీరియల్ కంపెనీ ఆ ప్రేమకథను మాటల్లేని మూకీగా తీసింది. మరో కంపెనీ సీతాదేవి అనే తారతో ఇదే కథ తీస్తున్నదని తెలిసి, వీరు గబగబా ముగించి ముందుగా విడుదల చేశారు. ఇందులో అనార్కలి సులోచన, సలీం బిల్లిమోరియా.

సులోచన అసలు పేరు రూబీ మేయర్స్, పుణేలో పుట్టిన యూదుల పిల్ల. టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేస్తూ సినిమాల్లోకి వచ్చి, మూకీల కాలంలో అందరికంటే పెద్ద తార అయింది. అప్పట్లో కళ్లతో పలికిస్తే చాలు, నోటితో పని లేదు. 1931లో అదే ఇంపీరియల్ వారు మాటలున్న సినిమా, దేశంలోనే తొలి టాకీ ‘ఆలం ఆరా’ తీసినప్పుడు నాయిక వేషం జుబేదాకు దక్కింది. (మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా ఆ కంపెనీ తీసినదే.) సులోచనకు హిందుస్తానీ సరిగా రాదు. అంతటి మనిషి ఒక ఏడాది పని మానుకొని, బడిపిల్లలాగా భాష నేర్చుకున్నది. నిన్నటిదాకా తన బొమ్మ ఉన్న గోడల మీద వేరొకరి బొమ్మలు చూస్తూ ఆ ఏడాది ఎట్లా గడిపిందో అని నేను తరచు అనుకుంటాను. 1932లో ‘మాధురి’ టాకీతో తిరిగి వచ్చింది. 1935లో అదే బిల్లిమోరియా పక్కన అనార్కలిగా మళ్లీ నిలబడి, ఈసారి మాట్లాడింది. సీతాదేవికి మాత్రం మూకీలతోనే తెర పడింది.

1953 నాటి హిందీ ‘అనార్కలి’లో నాయిక బీనారాయ్. సులోచన అందులో సలీం తల్లి జోధాబాయి. ఒకప్పుడు తానే కట్టిన వేషాన్ని ఎదురుగా మరొకరు కడుతుంటే, తల్లి పాత్ర వేయడానికి ఆమె చిన్నతనపడలేదు. 1973లో ఆమెకు ఫాల్కే పురస్కారం ఇచ్చారు.

పని మారినప్పుడు మనిషి మారడంలో తలవంపు ఏమీ లేదు తల్లీ, కొత్తది నేర్చుకునేవారికి వయసు అడ్డం కాదు, నీకైతే ఇరవై ఏడే. మళ్లీ ఉపన్యాసంలోకి దిగాను, అమ్మ వద్దని చెప్పింది.

పెద్దత్తయ్య విన్నది నిజమే అయితే, ఆ ఏడాదేదో ఇక్కడికి వచ్చి గడుపు. నీ గదికి సున్నం వేయించాను, కిటికీకి దోమల తెర కూడా పెట్టించాను. కందిపొడి, ఆవకాయ పార్సిల్ వేశాను. సీసా మూత వదులుగా ఉంది, నిలబెట్టి తెరువు. రాత్రి ఎనిమిది తరువాత ఫోను నా దగ్గరే ఉంటుంది.

నాన్న