పాడేవారి పేరు కూడా వేయండి

సంపాదకులు గారికి, నమస్కారం.

మీ జిల్లా ఎడిషన్‌లో ‘నేటి కార్యక్రమాలు’ అనే చిన్న పెట్టె ఒకటి వస్తుంది. ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి, అంటే దాదాపు తొమ్మిదేళ్ళుగా, పొద్దున పేపరు విప్పగానే నేను మొదట చూసేది ఆ పెట్టెనే. నెల్లూరులో సాయంత్రం పూట సినిమా హాలు, హోటలు తప్ప వేరే కాలక్షేపం లేదని మా వీధిలో కొందరు అంటూ ఉంటారు గానీ, ఆ మాట నేను ఒప్పుకోను. పురమందిరంలో నాటకమో, కస్తూర్బా కళాక్షేత్రంలో నాట్య ప్రదర్శనో, రంగనాయకులపేటలోనో మూలాపేటలోనో గుడి మంటపంలో కచేరీయో, ఉత్సవాల రోజుల్లో హరికథో, వెతుక్కునే ఓపిక ఉండాలే గానీ ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది. చాలావాటికి టిక్కెట్టు కూడా ఉండదు. ఇంత ఉన్నా కుర్చీలు సగం ఖాళీగా ఎందుకు ఉంటున్నాయన్నది నాకు కొంత అర్థమైంది. అందులో పత్రికలు సరిచేయగలిగినది ఒకటి ఉందని విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం.

పోయిన పుష్యమాసంలో త్యాగరాజ ఆరాధన సందర్భంగా ఒక గుడిలో జరిగిన కచేరీకి వెళ్ళాను. పేపర్లో ఉన్నది ఒక్క వాక్యం: సాయంత్రం ఆరు గంటలకు సంగీత కార్యక్రమం, ముఖ్య అతిథిగా ఫలానా వారు. పాడేది ఎవరో లేదు. అరగంట ముందే వెళ్ళడం వల్ల ముందు వరుసలో చోటు దొరికింది. మృదంగం వాయించే యువకుడు, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, చిన్న స్టీలు గిన్నెలో బొంబాయి రవ్వ నీళ్ళతో ముద్దగా కలిపి ఎడమ మూత మధ్యలో అద్ది, బొటనవేలితో గుండ్రంగా సర్దుతున్నాడు. ఒక దెబ్బ కొట్టి వినడం, చిటికెడు రవ్వ గోటితో తీసేయడం, మళ్ళీ కొట్టి వినడం. తర్వాత మృదంగాన్ని తిప్పి, కుడి మూత అంచున నున్నటి రాయితో ఒక్కొక్క చోట తడుతూ శ్రుతిపెట్టెతో కలుపుకున్నాడు. పక్కన వయొలిన్ పట్టుకున్న ఆమె కళ్ళు మూసుకుని అదే వింటూ ఉంది. శ్రుతి కలిసిన క్షణాన ఆమె తల చిన్నగా ఊపింది, అతను రాయి పక్కన పెట్టాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. కచేరీకి ముందు జరిగే ఈ పని చూడటం నాకు కచేరీ వినడంతో సమానమైన ఆనందం.

తర్వాత త్యాగరాజస్వామి ఐదు ఘనమైన కీర్తనలు, అంటే పంచరత్నాల గోష్ఠి గానం. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఐదూ ఆది తాళంలోనే సాగుతాయి కాబట్టి, ఊళ్ళో సంగీతం చెప్పే టీచర్లు, వారి దగ్గర నేర్చుకునే పిల్లలు, ఒకప్పుడు నేర్చుకుని సంసారంలో పడి వదిలేసిన గృహిణులు, అందరూ ఒకే వరుసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తూ పాడారు. వరాళి దగ్గరికి వచ్చేసరికి పిల్లల గొంతులు కొంచెం తడబడ్డాయి, పెద్దవాళ్ళ గొంతులు వాటిని ఎత్తుకుని ముందుకు నడిపించాయి. ఆ తడబాటు, ఆ ఎత్తుకోవడం ఏ రికార్డులోనూ వినపడవు. ప్రధాన కచేరీలో తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగాన్ని విడిగా వినిపించే ఘట్టం, జరిగినప్పుడు నా వెనక కూర్చున్న పెద్దాయన ఒకరు, ముగింపు జతుల ముక్తాయింపు సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చి పడగానే, “ఆహా, వచ్చాడయ్యా!” అని పైకే అనేశారు.

మర్నాడు పత్రికలో వార్త వచ్చింది. జ్యోతి వెలిగిస్తున్న ఫొటో, అందులో ఆరుగురి పేర్లు హోదాలతో సహా, చివరి వాక్యంగా “కళాకారులు ప్రేక్షకులను అలరించారు” అన్న మాట. మీరొక్కరే కాదు, నేను చూసిన మరో రెండు పత్రికల్లోనూ అంతే. అలరించిన వారికి పేర్లు ఉండవా అని ఆ రోజు నాకు నిజంగానే కోపం వచ్చింది.

పేరు ఎందుకు ముఖ్యమంటే, మన ప్రాంతంలో సంగీతం పేర్ల మీదుగానే నడిచింది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆ ఊరు ప్రకాశం ప్రాంతపు పడమటి కొసన, అర్ధవీడు దగ్గర ఈనాటికీ ఉంది. ఆ కాలపు మరో వాగ్గేయకారులు శ్యామశాస్త్రి గారి పూర్వీకులది కంభం. వారు తంజావూరు సీమకు వలసపోయినా ఊరి పేర్లు వారి వెంటే నడిచాయి. ఇక నెల్లూరు సంగతికి వస్తే, ఎస్.పి. సాంబమూర్తి గారు ఇక్కడ హరికథలు చెప్పేవారు, త్యాగరాజ ఉత్సవాలు జరిపించేవారు. ఆయన కుమారుడు బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు దేశమంతా విన్నది. తిప్పరాజు వారి వీధిలోని తమ ఇంటిని బాలు గారు 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు, అదే సంవత్సరం సెప్టెంబరు 25న కన్నుమూశారు. తర్వాత మన ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. మంచి పనే. అయితే ఆ పాఠశాలలో ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లల్లో ఎవరు ఏ గుడిలో, ఏ రోజు పాడుతున్నారో తెలుసుకునే దారి నాబోటి శ్రోతకు లేదు. పోయినవారి పేరు గోడ మీద ఉంటే చాలదు, పాడుతున్నవారి పేరు పేపర్లోనూ ఉండాలి.

నాటకం సంగతి ఇంకొంచెం బాధాకరం. ఆచార్య ఆత్రేయ పుట్టిన మంగళంపాడు పాత నెల్లూరు జిల్లాలోదే (2022 విభజనలో ఆ ఊరు తిరుపతి వైపు పోయిందనుకోండి, రచయితను మాత్రం మనం వదులుకోలేదు). అలాంటి చోట పోయిన వేసవిలో, ఊరు పేరూ సంస్థ పేరూ చెప్పను, ఆరుబయట మైదానంలో పద్యనాటకం అంటే వెళ్ళాను. ఆరున్నరకు నాటకం అని ప్రకటన. ఏడున్నరకు సభ మొదలైంది. అతిథులు ఒకరి తర్వాత ఒకరు నాటకరంగం అంతరించిపోతోందని వాపోయారు, తర్వాత శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. తెర వెనక మేకప్‌తో చెమటలు కక్కుతూ దుర్యోధనుడు రెండుసార్లు తొంగి చూశాడు. రాయబార ఘట్టానికి తెర లేచేసరికి తొమ్మిదీ ఇరవై. శబ్ద కాలుష్య నియంత్రణ కోసం 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి పది దాటితే ఆరుబయట మైకు పెట్టకూడదు. నాలుగు గోడల హాలుకు, ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించే కొద్ది పండుగ రోజులకు మినహాయింపు ఉంది గానీ ఈ మైదానానికి లేదు. సరిగ్గా పదికి, శ్రీకృష్ణుడు సంధి మాట పూర్తిగా ఎత్తకముందే, మైకు ఆగిపోయింది.

జనం లేచిపోయారు. బుచ్చిరెడ్డిపాళెం వైపు చివరి బస్సు అందుకోవాలని కొందరు పరుగెత్తారు. ఓ నలభై మందిమి మిగిలాం. అప్పుడు ఆ శ్రీకృష్ణ పాత్రధారి, అరవై దాటిన మనిషి, వేదిక అంచుకు వచ్చి నిలబడి హార్మోనిస్టు వైపు చూశాడు. హార్మోనియానికి కరెంటు అక్కరలేదు కదా. మైకు లేకుండా ఒకే ఒక్క పద్యం పాడాడు. చివరి పాదం మీద రాగం తీస్తుంటే ఆ మైదానంలో కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. ఎవరో అలవాటుగా “వన్స్ మోర్” అన్నారు, ఆయన చిరునవ్వు నవ్వి చేతులు జోడించాడు. మైకుల్లో విన్న ఎన్నో పద్యాల కన్నా అది నాకు ఎక్కువ గుర్తుంది. ఆయన పేరు కరపత్రంలో లేదు, అందులో ఉన్నవన్నీ అతిథుల పేర్లే.

నిర్వాహకులను మరీ తప్పు పట్టలేను. టిక్కెట్టు లేని కార్యక్రమానికి ఖర్చు పెట్టేది ఆ అతిథులో, వారి తాలూకు వారో. శాలువా కప్పకపోతే వచ్చే ఏడు షామియానాకు డబ్బు ఎక్కడిది? నా మటుకు నేను యాభై రూపాయలో వందో టిక్కెట్టు పెట్టినా కొని వెళతాను. మా ఇంట్లోవాళ్ళు దీనికి నవ్వుతారు, అది వేరే సంగతి.

మీ పత్రికను కోరేది చిన్నదే. ఆ పెట్టెలో కార్యక్రమం వేసేటప్పుడు పాడేవారి పేరు, పక్కవాద్యాల వారి పేర్లు, నాటకమైతే ప్రధాన పాత్రధారుల పేర్లు వేయండి. సభ ఎన్ని గంటలకో, ప్రదర్శన ఎన్ని గంటలకో విడివిడిగా వేయండి. పేర్లు పంపని సంస్థ ప్రకటన తీసుకోబోమని మీ విలేకరులు ఒక్క నెల గట్టిగా చెబితే, కరపత్రాలు కూడా వాటంతట అవే మారతాయని నా నమ్మకం. వార్త రాసేటప్పుడు జ్యోతి ఫొటోతో పాటు వేదిక మీది ఫొటో కూడా వేయండి. ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి జయంతి నాడు, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజున జిల్లా ఎడిషన్‌లో ఒక అరపేజీ, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పటికీ ముఖానికి రంగు వేసుకుంటున్న వారి పేర్లకూ ఊర్లకూ కేటాయిస్తే, మొదట కత్తిరించి దాచుకునేది నేనే.

పుష్యమాసం మళ్ళీ వస్తుంది. ఆ మృదంగం వాయించే యువకుడు మళ్ళీ మా వైపు వస్తే ఆ సంగతి మీ పెట్టె చూసి తెలుసుకోగలిగితే సంతోషిస్తాను. కార్యక్రమం ఆరింటికైతే ఐదున్నరకే వెళ్ళి కూర్చోవాలి, రవ్వ కలపడం చూడాలి.

ఇట్లు,
ఒక శ్రోత,
మూలాపేట, నెల్లూరు.