సవరణ కూడా అదే పేజీలో వేయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా నియోజకవర్గంలో జరిగిన సభను ఒక జిల్లా ఎడిషన్ ‘జనసంద్రం’ అంది, ఇంకొకటి ‘ఖాళీ కుర్చీలు’ అని వేసింది. ఒకరు వేదిక ముందు వరుసల ఫొటో వేశారు, రెండోవారు జనం లేచిపోయాక వెనకనుంచి తీసింది వేశారు. ఫొటోలు రెండూ నిజమే. ఎంతమంది వచ్చారో మాత్రం ఎవరూ రాయలేదు!

పత్రికకు ఒక పార్టీవైపు మొగ్గు ఉంటే ఉండనివ్వండి, అది సంపాదకీయం వరకే. వార్తలో ఆరోపణ ఎదుర్కొన్నవారి వివరణ ఉందా, ‘విశ్వసనీయ సమాచారం’ అనడమే తప్ప ఆధారం ఏదైనా చూపారా అని నేను వెతుకుతాను. ఎన్నికలప్పుడైతే అభ్యర్థి పొగడ్తల పక్కన ‘ప్రకటన’ అన్న మాట కోసం కూడా. 2009 ఎన్నికల్లో పెయిడ్ న్యూస్‌పై, అంటే డబ్బు తీసుకుని వార్తల్లా వేసిన ప్రచారంపై, పత్రికల తీరును చూసే ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి ఒకరు. ఆ నివేదిక పూర్తి పాఠం 2011లో గానీ బయటికి రాలేదు. 1978 చట్టం ప్రకారం కౌన్సిల్ మందలించగలదు, జరిమానా వేయలేదు. టీవీ చానళ్లు దాని పరిధిలోనే లేవు.

అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను: మొదటి పేజీలో తప్పు వస్తే సవరణ కూడా మొదటి పేజీలోనే, కంటికి ఆనే అక్షరాల్లో వేయండి.

– ఒక పాఠకుడు, తెనాలి