స్మార్ట్ లైట్ల పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది?

సంపాదకులకు,

నల్లగొండ రామగిరిలో ఇళ్లకు వైరింగ్ పని చేస్తుంటాను. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు ఈ మధ్య హాల్లో, పోర్టికోలో వైఫై బల్బులు కావాలంటున్నారు. రేటు అడుగుతారు, ఎన్ని రంగులు వస్తాయని అడుగుతారు. యాప్‌లో అకౌంట్ ఎవరి ఫోన్‌ మీద తెరిచారని మాత్రం ఎవరూ అడగరు.

మొన్న పానగల్ రోడ్డులో ఒక పెద్దాయన పిలిచారు. "ఫోన్ల లైట్లు కనబడ్తలేవు, జర చూడు బిడ్డా" అన్నారు. చూస్తే, పోయినేడు బిగించి వెళ్లిన మనిషి అకౌంట్‌లోనే బల్బులన్నీ ఉన్నాయి. పోర్టికో లైటు ఎప్పుడు వేస్తున్నారో, ఇల్లు ఎన్ని రోజులు చీకటిగా ఉంటోందో అతనికి ఎక్కడి నుంచైనా తెలుస్తుంది. అతను మంచివాడే అనుకుందాం, ఆ ఫోన్ ఇంకొకరి చేతిలో పడితే? స్విచ్ గబగబా వేసి తీసి బల్బులు రీసెట్ చేశాను, పెద్దాయన ఫోన్‌కే కలిపాను. వైఫై పాస్‌వర్డ్ కూడా మార్పించాను. రౌటర్ అడుగున కంపెనీ అంటించిన కాగితం మీదున్నదే అప్పటిదాకా వాడుతున్నారు.

ఇంట్లోనే ఇట్లా ఉంటే ఊరి సంగతేమిటి? కేంద్రం 2015లో ఎల్‌ఈడీ వీధి దీపాల పథకం మొదలుపెట్టాక చాలా పట్టణాల్లో స్తంభాల దగ్గర సిమ్ కార్డు పెట్టిన కంట్రోల్ డబ్బాలు వచ్చాయి. ఆఫీసులో కూర్చునే లైట్లు వేయొచ్చు, బంద్ చేయొచ్చు. మంచిదే, కరెంటు ఆదా. కానీ 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుంది. వాటితోనే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లను కొన్ని గంటలు ఆపేశారు. అక్కడే మసాచుసెట్స్‌లోని ఒక హైస్కూల్లో 2021 ఆగస్టులో లైట్ల సాఫ్ట్‌వేర్ పాడైతే, సుమారు 7,000 లైట్లు ఏడాదికి పైగా రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉన్నాయి. టీచర్లు చేత్తో బల్బులు ఊడదీసుకున్నారు. చేత్తో బంద్ చేసే స్విచ్ లేకపోతే జరిగేది ఇదే.

మన జిల్లా మున్సిపాలిటీలు ఇకముందు పిలిచే టెండర్లలో ప్రతి డబ్బాకూ చేత్తో నడిపే స్విచ్ ఉండాలని, కంపెనీ పాస్‌వర్డ్ మార్చాకే బిల్లు ఇస్తామని రాయాలి. కాంట్రాక్టు ముగిసిన రోజునే పాత కాంట్రాక్టర్ లాగిన్లు తీసేయాలి. ఇలాంటి పరికరాల మీద సైబర్ దాడి జరిగితే 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెప్పాలని 2022 నుంచి నిబంధన ఉంది. ఆ ఫోన్ చేయాల్సింది ఎవరో ప్రతి మున్సిపాలిటీ ఇప్పుడే తేల్చి, పేరు ఆఫీసు బోర్డు మీద పెట్టాలని కోరుతున్నాను.

– ఒక ఎలక్ట్రీషియన్, రామగిరి, నల్లగొండ